హలాల్ సరే, తయ్యిబ్ సంగతేంది?

శంషాబాద్‌లో కోడి కొనేటప్పుడు నేను అడిగే సవాల్ ఒక్కటే: "భాయ్, జబీహా హై నా?" నెత్తి మీద విమానం దిగుతుంటే ఆయన జవాబు వినపడదు. తల ఊపితే చాలు, నాకు తసల్లీ.

పోయిన మే నెలలో జహంగీర్ పీర్ దర్గా దగ్గర నియాజ్ పెట్టుకున్నాం. దారిలో శంషాబాద్‌లోనే కోడి కొని, నల్ల కవర్లో కట్టించి కారు డిక్కీలో వేశాం. చుట్టాల కోసం ఆగి ఆగి, దర్గా దగ్గర చెట్టు కింద పొయ్యి వెలిగించేసరికి మూడు గంటలు దాటింది. అమ్మీ సాలన్ బాగా ఉడికించింది. కచుంబర్ పని నాది. పిల్లల కోసం కోడి ముక్కలు చిన్నగా కోసిన అదే చాకు, అదే చెక్క పలక మీద రెండు చెంబుల నీళ్లు పోసి ఖీరా తరిగాను. నా ఎనిమిదేళ్ల బిడ్డ పక్కనే కూర్చుని ముక్కలు ఎత్తుకు తింది.

మర్నాడు రాత్రి బుఖార్, వాంతులు, విరేచనాలు. మూడు రోజులు దవాఖానాలో సెలైన్. పరీక్షలో సాల్మొనెల్లా అని తేలింది. "సాలన్ బాగానే ఉడికింది మేడమ్" అన్నాను. "మరి పచ్చిగా ఏం తిన్నది?" అన్నది డాక్టరమ్మ. అప్పుడు యాదికొచ్చింది ఖీరా. కచుంబర్ తిన్న మరో ఇద్దరిదీ అదే హాల్.

ఉర్దూ మీడియం బడిలో వీటిని జరాసీమ్ అని చదువుకున్నా. తెలుగు పేపర్లో సూక్ష్మజీవులని రాశా. పేరు రెండు జబాన్లలో తెలుసు, ఎహతియాత్ మాత్రం చేతికి రాలేదు.

సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ కోడి పేగుల్లో ఉంటాయి. కోడి మాత్రం తందురుస్తుగానే కనిపిస్తుంది. కోసేటప్పుడు పేగు తెగినా, అన్ని కోళ్లకూ ఒకే మొద్దు, ఒకే బకెట్ నీళ్లు వాడినా మాంసానికి అంటుకుంటాయి. జిబహ్ ఎంత సహీగా జరిగినా అవి పోవు. ముక్క లోపలి దాకా 74 డిగ్రీల వేడి తగిలితే చస్తాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య మాంసం ఉంచితే బాక్టీరియా పెరిగే ముప్పు ఉంటుంది. మే ఎండలో మా డిక్కీ వాటికి దావత్ ఇచ్చినట్టే.

ఇంకో ఫికర్ మందులది. మనుషులకు ఆఖరి దవాగా దాచుకునే కొలిస్టిన్‌ను కోళ్ల దాణాలో కలిపేవారు. 2019లో కేంద్రం దాన్ని ఆపింది. కేరళ, తెలంగాణ కోళ్లలో మందులకు లొంగని బాక్టీరియా జన్యువులున్నాయని 2024లో మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చెప్పారు. ఆ ఖబర్‌కు హెడ్డింగ్ పెట్టినవాళ్లలో నేనూ ఉన్నా.

ఇంటికొచ్చాక అమ్మీతో బహస్. కోడిని నల్లా కింద కడగొద్దన్నాను. తుంపరలు సింకు, గిన్నెలు, పక్కనున్న కొత్తిమీర మీద పడతాయి. బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ 2014లో ఇదే మాట మీద పెద్ద ప్రచారం చేసింది. అమ్మీ ఒప్పుకోలేదు. "ధోయే బగైర్ పకాతే క్యా రే?" మాంసంలో మిగిలిన ఖూన్ నాపాక్ కాదు, జిబహ్‌లో కారిపోయేదే నాపాక్ అని ఆలిములే చెబుతారు కదా అన్నాను. "మరి దుకాణంలో పక్క కోడి ఖూన్ చిందితే?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆమె మాట నిజం.

చివరికి ఇద్దరం రాజీకొచ్చాం. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, చిందకుండా మెల్లగా ముంచి తీస్తుంది. ఆ నీళ్లు పారబోసి గిన్నె, సింకు, చేతులు సబ్బుతో కడుగుతుంది. కోడికి వేరే చాకు, వేరే పలక. పచ్చి కూరగాయలు ముందే తరిగి మూతపెడతాం. దూరం పోతే ఐస్ డబ్బా.

ఖురాన్ హలాల్ పక్కనే తయ్యిబ్ అన్న లఫ్జ్‌ను పెట్టింది. శుభ్రమైనది, మంచిది అని అర్థం. మొదటిది కసాయి భాయ్‌ని అడిగి తెలుసుకుంటాం. రెండోది చాలా వరకు మన వంటింటి జిమ్మేదారీ.

బిడ్డ ఇప్పుడు బాగుంది, అల్హమ్దులిల్లాహ్. ఖీరా మాత్రం ముట్టదు.