అత్తయ్యగారికి, లోణావలా నుంచి

సోలాపూర్ దాటాక, రైల్లో
2025 జూలై 5

అత్తయ్యగారికి,

రైలు కుదుపుకి అక్షరాలు వంకర పోతున్నాయి. కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదువుకోండి. ఫోన్లో నా మాట మీకు సగమే వినబడుతోంది కదా, అందుకే ఈ ఆరు వారాలూ మీకు ఉత్తరాలే రాద్దామనుకున్నాను.

విజయవాడలో మీ అబ్బాయి రైలెక్కించి వెళ్ళాక మీరు కట్టిచ్చిన పులిహోర సికింద్రాబాద్ వరకూ దాచుకుని తిన్నాను. వాడి జంక్షన్ దాటాక నేల రంగే మారిపోయింది. మన వైపు ఈపాటికి నాట్లు పడుతుంటాయి, ఎటు చూసినా నీళ్ళే. ఇక్కడ నల్లరేగడి తప్ప నీళ్ళు నిలిచిన మడి ఒక్కటి కనబడదు.

సోలాపూర్‌లో మీ ఈడు పెద్దావిడ ఒకరు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. కొడుకుతో మాట్లాడేది తెలుగే. తెలంగాణ యాస, మధ్యమధ్య మరాఠీ. పద్మశాలీలట, తాతల నాడే మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మన ట్రంకు పెట్టెలో నీలం గళ్ళ సోలాపూర్ దుప్పటి ఉంది చూడండి, అది ఏ తెలుగువాళ్ళ చేతుల మీద నేసిందో మనం ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లో మగవాళ్ళు మగ్గం మీద ఉంటే, ఈవిడ ముప్ఫై ఏళ్ళు బీడీలు చుట్టారట. ఒళ్ళో చేట పెట్టుకుని, మెడ వంచుకుని. కుడి చెయ్యి ఇప్పుడు భుజం దాటి పైకి లేవదు.

నేను యోగా నేర్పడం నేర్చుకోవడానికి వెళ్తున్నానని తెలిసి, "నా భుజానికి ఏమన్న చెప్పు బిడ్డా" అన్నారు. నాలుగు ఆసనాల పేర్లు నోటి చివరిదాకా వచ్చాయి. ఏడాది కిందటైతే చెప్పేసేదాన్నే. పిన్నిగారు గుర్తొచ్చి ఆగిపోయాను. "నేర్చుకున్నాక చెప్తానమ్మా" అన్నాను. ఆవిడ తలూపి, సంచిలోంచి జొన్న రొట్టె తీసి పెట్టారు.

లోణావలా, జూలై 13

అత్తయ్యగారికి,

పుణేలో దిగి లోకల్ రైలెక్కితే ఘాట్ అంచున ఈ ఊరు. ఊరంతా మబ్బులోనే ఉంది. వాన రాత్రీ పగలూ ఆగదు. ఉతికిన బట్టలు మూడో రోజుకి కూడా ఆరడం లేదు. మనకి గోదారి వరద తెలుసు గాని ఇలా ఎడతెగకుండా కొండ మీద కురిసే వాన వేరు.

నేను నేర్చుకుంటున్న ఈ కైవల్యధామం గురించి మీరు అడిగారు కదా, చెప్తాను. 1924లో స్వామి కువలయానంద దీన్ని స్థాపించారు. అసలు పేరు జగన్నాథ గణేశ్ గుణే, గుజరాత్‌లో 1883లో పుట్టారు. బరోడాలో మాణిక్‌రావు గారి దగ్గర వ్యాయామం నేర్చారు, నర్మద ఒడ్డున మాల్సర్‌లో పరమహంస మాధవదాస్‌జీ దగ్గర యోగం నేర్చారు. గురువు చెప్పినదంతా శ్రద్ధగా సాధన చేశారు గాని, ఇది ఒంట్లో ఏం చేస్తోంది, ఎలా చేస్తోంది అని అడగడం మానలేదు. బరోడా ఆస్పత్రిలో ఎక్స్‌రే ముందు మనుషుల్ని నిలబెట్టి ఉడ్డియానం, నౌళి చేయించి చూశారు. పొట్ట లోపలికి పీల్చి కండరాలు కదిలించే నౌళిలో పేగులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తగ్గిపోతుందని కొలిచి చూపించి, దానికి గురువుగారి పేరు మీద మాధవదాస్ వాక్యూం అని పేరు పెట్టారు. ఆ కొలతలన్నీ అచ్చువేయడానికి 1924లోనే యోగమీమాంస పత్రిక మొదలుపెట్టారు. గాంధీగారు కూడా 1927లో తన ఆరోగ్యం విషయమై ఆయన్ని సలహా అడిగారు.

వందేళ్ళ కిందట, యోగం అంటే అడవిలో సాధువుల వ్యవహారం అనుకునే రోజుల్లో, గురువు మీద భక్తీ కొలబద్ద మీద నమ్మకమూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయా అని నేను రోజూ అనుకుంటున్నాను. మొన్న గురుపౌర్ణమికి ఆయన పటానికి దండం పెట్టినప్పుడు నా మనసులో ఉన్న మాట ఇదే: నేను కొలవలేదు స్వామీ, చూడను కూడా చూడలేదు.

రోజూ చీకటితోనే లేస్తాం. ముందు క్రియలు. ముక్కులోంచి ఉప్పు నీళ్ళు ఒక పక్క పోసి రెండో పక్క వదలడం జలనేతి, అది మూడో రోజుకి అలవాటైంది. వమనధౌతి మాత్రం కష్టపెట్టింది. గొంతుక్కూర్చుని గోరువెచ్చటి ఉప్పు నీళ్ళు గ్లాసు మీద గ్లాసు పొట్ట నిండేదాకా తాగి, లేచి ముందుకి వంగి అంతా బయటికి పంపెయ్యాలి. మొదటి రోజు కళ్ళ నీళ్ళు కారిపోయాయి. వెనక నిలబడి నా వీపు మీద చెయ్యి వేసిన మేడం ఒక్క మాటా మాట్లాడలేదు, నా ఊపిరి కుదుటపడే వరకూ చెయ్యి తియ్యలేదు. నేర్పడంలో ఇలాంటి చెయ్యి కూడా ఒకటుంటుందని అప్పుడు తెలిసింది. నేను పిన్నిగారి వీపు మీద వేసిన చెయ్యి వేరు.

తర్వాత ఆసనాలు, పాఠాలు. పతంజలి సూత్రాలు నూట తొంభైకి పైగా ఉంటే ఆసనం గురించి చెప్పినవి మూడే మూడు. కదలకుండా, హాయిగా ఉండాలి, ప్రయత్నం సడలాలి, అంతే ఆయన అడిగేది. హఠప్రదీపికలో స్వాత్మారాముడు వర్ణించిన ఆసనాలు పదిహేను. మనం టీవీలో చూసే వందల భంగిమలు, ఒకదాని వెంట ఒకటి పరుగుతో చేసేవి, ఇందులో చాలామటుకు లేవు.

మామయ్యగారికి ఒక మాట చెప్పండి. ఆయన పొద్దున్నే వరండాలో చేసే కపాలభాతి ఆపెయ్యమనండి. బీపీ ఉన్నవాళ్ళు అలా గట్టిగా, వేగంగా పొట్ట లోపలికి కొడుతూ ఊపిరి వదలకూడదు. దాని బదులు కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి, పీల్చిన దానికంటే వదిలేది కాస్త పొడుగ్గా ఉండేలా మెల్లగా ఊపిరి తీస్తే చాలు. బీపీ మాత్ర మాత్రం మానొద్దనండి.

లోణావలా, జూలై 21

అత్తయ్యగారికి,

నిన్న ఆదివారం సెలవు. అందరం కలిసి కార్లే గుహలకి వెళ్ళాం. మూడొందలకు పైగా మెట్లు, పక్కనే ఏకవీరా దేవి గుడి. లోపల కొండని తొలిచి చేసిన బౌద్ధుల ప్రార్థనా మందిరం, చైత్యం, దగ్గర దగ్గర నూట పాతిక అడుగుల పొడవు. పై కప్పుకి వంపు తిరిగిన చెక్క వాసాలు ఉన్నాయి. రెండు వేల ఏళ్ళ నాటి టేకు, ఇంకా నిలిచే ఉంది. కాలేజీ రోజుల్లో మమ్మల్ని జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహలకి తీసుకెళ్ళారని మీకు చెప్పాను కదా. అక్కడి గుండ్రటి చైత్యంలో వాసాలు కూడా రాతిలోనే చెక్కారు. ఇక్కడ అసలు చెక్కే పెట్టారు. వాననీటి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడని ఆ చీకట్లో కూర్చుంటే, మన వైపు కొండలోనూ ఇలాగే ఎవరో ఊపిరి చూసుకుంటూ కూర్చుని ఉంటారనిపించింది.

ఇక్కడ చిక్కీ బాగుంటుంది. పిల్లలకి తెస్తున్నాను. వాన ఇంకా తగ్గలేదు.

లోణావలా, ఆగస్టు 8

అత్తయ్యగారికి,

ఈరోజు వరలక్ష్మీ వ్రతం. ఈపాటికి మీరు తోరం కట్టుకుని, పక్కిళ్ళవాళ్ళకి వాయనాలిస్తూ ఉంటారు. నేను లేకుండా మీరు చేస్తున్న మొదటి వ్రతం ఇది. ఉదయం స్నానం చేసి మీరిచ్చిన పసుపు కొమ్ముకి దండం పెట్టుకున్నాను.

ఈ వారమంతా బోధనాభ్యాసం. ఒక్కొక్కరం ఒక పాఠం రాసుకుని, మిగతా వాళ్ళనే శిష్యుల్ని చేసుకుని నేర్పాలి. ఏ ఆసనం, ఎవరికి, ఎందుకు, ఎవరు చెయ్యకూడదు, మాట ఏ వరసలో చెప్పాలి, తప్పు ఎక్కడ జరగొచ్చు, అన్నీ ముందే కాగితం మీద పెట్టాలి. చీటీల్లో నాకు వచ్చింది పశ్చిమోత్తానాసనం, కాళ్ళు చాపి ముందుకి వంగి పాదాలు పట్టుకునేది. ఆ చీటీ తీసి చూడగానే చేతులు చల్లబడిపోయాయి.

మీకు తెలుసు కదా. నిరుడు కార్తీకంలో మన డాబా మీద నలుగురు ఆడవాళ్ళకి చెప్తూ, పిన్నిగారు ఎంత వంగినా వేళ్ళు పాదాల్ని అందుకోలేదని వెనక నుంచి రెండు చేతులతో నొక్కాను. ఆవిడ "అమ్మా" అన్నారు. నేను ఇంకొంచెం అన్నాను. ఆ తర్వాత రెండు నెలలు ఆవిడ మంచం దిగలేదు. నడుం నుంచి ఎడం కాలి మడమ దాకా నరం లాగేసేది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, కూతురికి కూడా నా పేరు చెప్పలేదు. "నేర్చుకోకుండా నేర్పకూడదమ్మా" అని మీరన్నారు. అని ఊరుకోకుండా మీ చీటీ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టారు. నేనిక్కడ ఉన్నది అందుకే.

ఏం జరిగిందో ఇప్పుడు ఎముకల బొమ్మ ముందు నిలబడి నేర్చుకున్నాను. వెన్నుపూసకీ వెన్నుపూసకీ మధ్య మెత్తటి దిండు లాంటి డిస్కు ఉంటుంది. కాళ్ళు బారచాపి కూర్చుంటే తొడ వెనక కండరాలు బిగుసుకుని కటి ఎముకని ముందుకి కదలనివ్వవు. అప్పుడు వంగేదంతా నడుమే వంగాలి. అలా వంగిన నడుం మీద వెనక నుంచి బరువు వేస్తే ఆ డిస్కు ముందు వైపు నలిగి, వెనక్కి, నరం ఉన్న వైపు తోసుకొస్తుంది. అందులోనూ పిన్నిగారు పదిహేనో ఏటి నుంచి మండపాక చేలల్లో నారు తీసి, నాట్లు వేసిన మనిషి. రోజంతా నడుం వంచే బతికిన మనిషికి నేను మళ్ళీ నడుం వంచమని చెప్పాను. ఆవిడకి కావలసింది దానికి ఎదురు: బోర్లా పడుకుని, డాక్టరు సరే అన్నాక, తలా ఛాతీ కాస్తంత ఎత్తడం. భుజంగాసనంలో నాలుగో వంతు. లేదా వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి ఊరికే ఊపిరి తీయడం. ఆవిడ చేతులు చూసినా, నడిచే తీరు చూసినా నాకు తెలియాల్సిన సంగతే ఇది. నేను చూసింది పాదాల్ని అందని వేళ్ళని మాత్రమే.

మొన్న జూన్ 21న విశాఖలో ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా ఒకేసారి యోగా చేశారు కదా, టీవీలో మనిద్దరం కలిసే చూశాం. అంతమంది అంత పొద్దున్నే లేచి సముద్రం ఒడ్డున కూర్చోవడం చూస్తే నాకు సంతోషంతో ఒళ్ళు పులకరించింది, ఇప్పటికీ అది గొప్ప సంగతే అంటాను. ఆ మూడు లక్షల మందీ ఊళ్ళకి తిరిగొచ్చి మర్నాడు ఇంట్లో చాప వేసుకున్నాక, ఒక్కొక్కరి నడుమూ మోకాలూ చూసి చెప్పే మనిషి ప్రతి పేటలో ఒకరుండాలి. అలాంటి మనిషి నెల రోజుల్లో తయారవదు. అమెరికాలో 1999లో పెట్టిన యోగా అలయన్స్ అనే సంస్థ రెండొందల గంటల శిక్షణని ఒక కొలతగా పెట్టింది, ఇప్పుడు ప్రపంచమంతా ఆ లెక్కే పట్టుకుంది. ఆ గంటల్లో ఎదుటి మనిషిని చూడడానికి ఎన్ని కేటాయిస్తున్నారన్నదే నేను అడిగేది. ఈ ఆరు వారాలు కూడా నాకు మొదలే గాని ముగింపు కాదు, ఆ సంగతి తెలిసే రాస్తున్నాను.

పాఠం ఎలా చెప్పానో చెప్పలేదు కదా. హిందీలో మొదలుపెట్టి తడబడ్డాను. మేడం ఆపి, "నీ ఊళ్ళో ఏ భాషలో చెప్తావో ఆ భాషలో చెప్పు, మేము నిన్ను చూసి చేస్తాం" అన్నారు. తెలుగులో చెప్పాను. బాసింపట్టు వేసుకోండి, కాళ్ళు బారచాపండి, మోకాళ్ళు కాస్త మడవండి, కింద దుప్పటి మడత పెట్టుకోండి, తల వంచకండి, పొట్టని తొడల వైపు తీసుకెళ్ళండి, నొప్పి వచ్చే ముందే ఆగండి. మాటలు వాటంతట అవే వచ్చాయి. సంస్కృతం పేర్లు లేకపోయినా మన భాషలో ఒంటికి ఇన్ని మాటలున్నాయి. గొంతుక్కూర్చోవడం, వెల్లకిలా, బోర్లా, చేతులు బార్లా చాపడం, అన్నీ మీ నోట విన్నవే.

మా బ్యాచిలో ఒక జపాను అమ్మాయి ఉంది. వజ్రాసనంలో గంట కూర్చున్నా చెక్కు చెదరదు, చిన్నప్పటి నుంచి వాళ్ళింట్లో కూర్చునే తీరే అదట. ఒక జర్మనీ ఆవిడ గొంతుక్కూర్చోబోతే మడమలు నేలకి ఆనవు, వెనక్కి పడిపోతుంది. మన చేలో ఆడవాళ్ళు అరవై ఏళ్ళకి కూడా అలా కూర్చుని కలుపు తీస్తారు. ఎవరికి ఏది సులువో వాళ్ళ బతుకు నేర్పి పెట్టింది. నేను నేర్పడానికి కూర్చునే ముందు అది అడిగి తెలుసుకోవాలి.

లోణావలా, ఆగస్టు 14

అత్తయ్యగారికి,

ఇదే ఆఖరి ఉత్తరం. ఎల్లుండి బయల్దేరుతున్నాను. పరీక్షలు అయ్యాయి, బాగానే రాశాను. సోలాపూర్‌లో రైలు ఆగినప్పుడు ఆ పెద్దావిడ కనబడతారేమోనని కిటికీ పక్క సీటు అడిగాను. కనబడరని తెలుసు, అయినా.

మీ మోకాళ్ళ గురించి. భోజనం అయ్యాక వజ్రాసనం వేస్తున్నారని పెద్దాడు చెప్పాడు. వద్దండి. అది నేనే మీకు చెప్పాను, తప్పు నాది. అరిగిన మోకాలిని అంత మడిచి దాని మీద కూర్చోకూడదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, రెండో కాలు నిటారుగా జానెడు ఎత్తి, అయిదు లెక్కపెట్టి దించండి. కాలు మార్చి మళ్ళీ. మోకాలి పైన తొడ కండరం బలపడితే ఎముక మీద బరువు తగ్గుతుంది. నొప్పెడితే ఆపెయ్యండి, నేను వచ్చి చూస్తాను.

డాబా మీద క్లాసు ఇప్పుడే మొదలుపెట్టను. ముందు పిన్నిగారింటికి వెళ్ళాలి. మీరు ఒకసారి వెళ్ళి, నేను రావచ్చునా అని అడగండి. ఆసనాలేవీ చేయించను. ఆవిడ ఎలా లేస్తున్నారో, ఎలా నడుస్తున్నారో, ఏ పక్కకి తిరిగి పడుకుంటున్నారో చూస్తాను, చెప్పేది వింటాను. డాక్టరు కాగితాలు ఉంటే చదువుతాను. ఇష్టపడితే పక్కన కూర్చుని కాసేపు ఊపిరి చూసుకుంటాం. వద్దంటే వద్దు, గుమ్మంలోంచే దండం పెట్టి వచ్చేస్తాను.

ఈ ఉత్తరం నాకంటే ముందే అందితే, పిన్నిగారు ఏమన్నారో మీ అబ్బాయి చేత ఫోన్లో చెప్పించండి. విజయవాడ దాకా ఆగలేను.

మీ కోడలు