ఒక్కో వెంట్రుకకూ ఒక్కో సూదిపోటు

నేను ట్రాన్స్ మహిళను. పుట్టిందీ పెరిగిందీ, ఇప్పటికీ ఉంటున్నదీ ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో, పవర్ హౌస్ అనే పేటలోనే. సోవియట్ రష్యా సాయంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో మా తాత శ్రీకాకుళం పల్లె నుంచి కూలికి వచ్చి స్థిరపడిపోయాడు. నాన్న కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరయ్యారు. మా వీధిలో సగం ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది. నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ల మధ్యే తిరగాలి. నా ముఖం మీది గడ్డాన్ని ఎలక్ట్రోలిసిస్‌తో శాశ్వతంగా తీయించుకోవడానికి ఏళ్లు పట్టింది. ఎందుకంత కాలం పట్టిందో, ఆ కాలమంతా ఎలా గడిచిందో ఇకమీదట మొదలుపెట్టేవాళ్లకు తెలియాలని రాస్తున్నాను.

హార్మోన్ మందులు మొదలయ్యాక చర్మం మెత్తబడింది, ఒంటి మీద రోమాలు తగ్గాయి. గడ్డం మాత్రం పోలేదు. డాక్టరమ్మ ముందే చెప్పింది: యుక్తవయసులో ఒకసారి ముదిరిన గడ్డపు కుదుళ్లు ఈస్ట్రోజెన్‌తో చావవు, పెరుగుదల కాస్త మందగిస్తుందంతే. మా ఊరి సర్క్యులర్ మార్కెట్‌లో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. పొద్దున ఎంత నున్నగా గీసుకున్నా మధ్యాహ్నం దాటేసరికి దవడల మీద నల్లటి నీడ కమ్మేది. మాట్లాడుతున్న మనిషి చూపు నా కళ్ల మీద నుంచి గడ్డం మీదికి జారడం నాకు తెలిసిపోయేది. ఆ తర్వాత పిలుపు కూడా మారిపోయేది. ‘దీదీ’ అన్నవాళ్లే ‘భయ్యా’ అనేవారు.

ముందు లేజర్ చేయించుకున్నాను. లేజర్ వెలుగు వెంట్రుకలోని నల్లరంగును పట్టుకుని కుదురును వేడిచేస్తుంది. నల్లవి బాగా పలచబడ్డాయి. తెల్లవి, లేతరంగువి చెక్కుచెదరలేదు. అదే రంగు పదార్థం మన చామనఛాయ చర్మంలోనూ ఉంటుంది కాబట్టి వెలుగు మోతాదు మించితే చర్మమే కాలుతుంది. నా దవడ కింద అలాగే మచ్చలు పడ్డాయి. అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ పర్యవేక్షించే ఎఫ్‌డీఏ కూడా లేజర్‌ను వెంట్రుకల్ని శాశ్వతంగా ‘తగ్గించే’ పద్ధతిగానే లెక్కగడుతుంది. శాశ్వతంగా ‘తొలగించే’ పద్ధతిగా గుర్తించింది ఎలక్ట్రోలిసిస్‌ని.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు, లోపలికి తిరిగి కంటిని గీరే రెప్పవెంట్రుకల్ని తీయడానికి దీన్ని వాడాడు. ఇప్పటికీ పని అదే తీరు. వెంట్రుక పక్కనుంచి సన్నటి సూదిని కుదురు అడుగుదాకా జారవిడుస్తారు. కొద్దిపాటి కరెంటు పంపుతారు. ఒకే దిశలో ప్రవహించే కరెంటైతే అక్కడి తడీ ఉప్పూ కలిసి కాస్టిక్ సోడా తయారై కుదురును తినేస్తుంది. వేగంగా దిశ మారే కరెంటైతే వేడితో మాడుస్తుంది. రెండూ కలిపి వాడే పద్ధతినే బ్లెండ్ అంటారు. నాకు చేసింది అదే. చేతిలో ఒక లోహపు కడ్డీ పట్టుకుని పడుకోవాలి, కరెంటు దారి పూర్తి కావడానికి. తర్వాత పట్టుకారుతో వెంట్రుకను పైకి తీస్తారు. కుదురు సరిగ్గా చచ్చి ఉంటే అది లాగకుండానే జారి వస్తుంది. అప్పుడు పక్క వెంట్రుక దగ్గరికి వెళ్తారు. నిండు గడ్డంలో వెంట్రుకలు వేలల్లో ఉంటాయి. ప్రతిదానికీ ఇదంతా జరగాలి.

మా ఊళ్లో చేసేవాళ్లు నాకు దొరకలేదు. పవర్ హౌస్ స్టేషన్‌లో లోకల్ ఎక్కి, కుమ్హారీ, ఖారున్ వంతెన దాటి రాయపూర్ వెళ్లేదాన్ని. దూరం ముప్పై కిలోమీటర్ల లోపే. నన్ను బాధపెట్టింది దూరం కాదు. సూది దారి పట్టాలంటే వెంట్రుక చర్మం పైకి కనబడాలి. అందుకని వెళ్లే ముందు కొన్ని రోజులు గడ్డం గీయకూడదు. ఏ గడ్డాన్ని చూసి నేను కుంగిపోతున్నానో దాన్నే పెంచుకుని, చీర కట్టుకుని, దుకాణానికి వెళ్లాలి, రైలెక్కాలి. కరోనా తర్వాత మాస్కు ఎవరికీ వింతగా లేకపోవడం నాకు పెద్ద సాయమైంది. అయినా మే నెల ఎండల్లో, కిక్కిరిసిన పెట్టెలో, మాస్కు కింద మూడు నాలుగు రోజుల గడ్డం చెమటకు దురద పెడుతుంటే ఏడుపొచ్చేది. తిండి దగ్గర మాస్కు తీయాల్సి వస్తుందని ఆ రోజుల్లో పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేశాను.

నొప్పి గురించి దాచకుండా చెబుతాను. చెంపల మీద ఎర్రచీమ కుట్టినట్టుంటుంది, ఓర్చుకోవచ్చు. గడ్డం మొన దగ్గర ఎముకలోకి దిగుతుంది. పై పెదవి మీద, ముక్కు కింద సూది దిగినప్పుడు మన ప్రమేయం లేకుండానే కళ్ల నీళ్లు కారిపోతాయి, తుమ్ములొస్తాయి. మొద్దుబార్చే క్రీమ్ రాసుకున్నా అక్కడ పెద్దగా పనిచేయలేదు. లేచేసరికి ముఖం ఉబ్బి, ఎర్రబడి ఉండేది. మర్నాటికి చిన్న చిన్న పొక్కులు కట్టేవి. గోకకూడదు, ఎండ తగలనివ్వకూడదు, పౌడరైనా రాయకూడదు. పొక్కులు రాలాక గోధుమరంగు మచ్చలు మిగిలేవి. మన చర్మానికి అది మామూలే. చాలావరకు కొన్ని నెలల్లో చర్మంలో కలిసిపోతాయి.

తిరిగొచ్చిన రాత్రి అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉండేది. “ఏటమ్మా, మొకమంతా ఇలాగ పొంగిపోనాది. నొప్పెడతందా?” అని చేత్తో తాకబోయి ఆగిపోయేది. నాన్న చాలాకాలం ఏమీ మాట్లాడలేదు. కోక్ ఓవెన్ల వేడిలో బతుకంతా గడిపిన మనిషి, కాలిన చర్మం సంగతి ఆయనకు తెలుసు. ఒకరోజు నేను అద్దం ముందు నిలబడి ఉంటే వెనకనుంచి, “గోకకమ్మా. పొక్కు దానంతటదే రాలాల” అన్నారు. నన్ను అమ్మా అని పిలవడం ఆయనకు అదే మొదలు.

అన్నిటికన్నా కష్టమైంది, తీసిన చోటే మళ్లీ వెంట్రుకలు కనిపించడం. పెట్టిన డబ్బు, పడ్డ నొప్పి అంతా వృథా అయిందనిపించి మానేద్దామనుకున్నాను. నాకు ఎలక్ట్రోలిసిస్ చేసే అక్క అప్పుడు వివరంగా చెప్పింది. ముఖం మీది వెంట్రుకలన్నీ ఒకేసారి పైకి రావు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని రాలిపోతుంటాయి, కొన్ని కుదురు లోపల నిద్రలో ఉంటాయి. ఇవాళ తీసినవి పైకి కనబడ్డవి మాత్రమే. వచ్చే నెల కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఇవాళ లోపల పడుకున్నవే. పెరుగుతున్న దశలో దొరికిన కుదురే బాగా చస్తుంది. కొన్ని మొదటి దెబ్బకు చావవు, సన్నబడి తిరిగొస్తాయి. అన్నీ ఒక్కొక్కటిగా పైకి వచ్చి దొరికేదాకా వెళ్తూనే ఉండాలి. నిండు గడ్డానికి వంద గంటలు దాటడం మామూలు. రెండు వందలు దాటేవాళ్లూ ఉన్నారు. మధ్యలో త్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించుకుంటే వెంట్రుక సూదికి అందదు, లెక్కంతా తప్పుతుంది. ఈ సంగతి అర్థమయ్యాక నొప్పి తగ్గలేదు గానీ నిరాశ తగ్గింది.

అక్కడ వరుసలో కూర్చున్నవాళ్లలో నాలాంటివాళ్లకంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్యతో ముఖం మీద వెంట్రుకలు వచ్చిన అమ్మాయిలే ఎక్కువ. ఒకమ్మాయి చున్నీ ముక్కు దాకా కప్పుకుని వచ్చేది. పెళ్లిచూపులకు ముందు ఇంట్లోవాళ్లే దాచమన్నారట. ఆమె ఆడపిల్లగానే పుట్టింది. గడ్డం విషయంలో ఆమె సిగ్గూ నా సిగ్గూ ఒకటే. ఒకరి చేతులు ఒకరం పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి.

ఇప్పుడు నా ముఖం నున్నగా ఉంది. అక్కడక్కడా ఒకటి రెండు మొలిస్తే వెళ్లి తీయించుకుంటాను. పొద్దున లేచి బ్లేడు ముట్టుకునే పని లేదు.

దీనికోసం చీటీలు ఎత్తాను, దుకాణంలో జీతం ముందే తీసుకున్నాను. ఆ మాత్రం వెసులుబాటు లేనివాళ్లే మాలో ఎక్కువ. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం 15వ సెక్షన్‌లో శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్స, లేజర్ చికిత్సల ఖర్చులకు బీమా కల్పించాలని రాసి ఉంది. ఎలక్ట్రోలిసిస్ పేరు అందులో లేదు. తెల్ల వెంట్రుకకు లేజర్ పనిచేయదు, దానికి ఉన్న దారి ఇదొక్కటే. 2021లో 13 మంది ట్రాన్స్ వ్యక్తుల్ని పోలీసు కానిస్టేబుళ్లుగా తీసుకున్న రాష్ట్రం మా ఛత్తీస్‌గఢ్. వాళ్లకు యూనిఫాం ఇచ్చిన ప్రభుత్వం ఈ చికిత్సను కూడా పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో పెట్టాలి, బీమాలో చేర్చాలి. గడ్డం తీయించుకోవడం సోకు కాదు, వైద్యం. మొదలుపెట్టబోయే చెల్లెళ్లకు నేను చెప్పేది ఒకటే: చేసే మనిషి సూదులు ఎవరికి వారికి కొత్తవి వాడుతున్నారో లేదో చూసుకోండి, తిరిగొచ్చిన వెంట్రుకను చూసి భయపడకండి, మధ్యలో మానకండి.