సందులేని అతుకు

మా నాయనగారు గతించిన పిమ్మట వారి పొగాకు పైపు నాకు దక్కినది. మధ్యధరా తీరమున పెరుగు బ్రయర్ అను పొద యొక్క వేరుబుడిపెతో చేసినది. దాని ఎబొనైటు మూతిగొట్టము విరిగియుండెను. నేను పొగ త్రాగువాడను గాను. అయినను బెంగుళూరినుండి, లక్కబొమ్మలకు పేరొందిన చన్నపట్నమునకు పోయి, మూడు తరములుగా అచటనే యున్న తెలుగు పెద్దాయన నొకరిని ఆశ్రయించితిని. తరిమెన పని వారి వృత్తి.

క్రొత్త గొట్టపు కుసి బెజ్జములో చక్కగా దిగినది. కాని కొయ్యకును గొట్టమునకును నడుమ వెండ్రుకవాసి సందు మిగిలెను. నేను బలముగా నొక్కబోగా ఆయన చేయి పట్టుకొని, "కాడ పగులుతుంది నాయనా! మసినడుగు" అనిరి. గొట్టపు అంచున దీపపు మసి పూసి, కొయ్యకు ఆనించి తీసిరి. మసి ఒక ప్రక్కనే అంటినది. గొట్టమున ఆ చోటే ఎత్తు. అక్కడ రవంత గీకి, మరల పూసి, మరల చూచి, ఇట్లు ఏడెనిమిది మారులు. కుసి మొదట మిగిలిన సన్నని వంపు సైతము అడ్డేనట! బెజ్జపు లోయంచును కొంచెము చెక్కగా సందు మాయమయ్యెను.

ఇక పైన మెట్టు తగులకుండుటకు రెంటిని కూర్చియుంచి, గరుకు కాగితముతో ఒక్కటిగా రుద్దవలెను. ఆ కొయ్యపై నాయనగారి బొటనవ్రేలు నలువదేండ్లు అరగదీసిన నున్నని పల్లమున్నది. రుద్దినచో అది పోవును. కొయ్యను ముట్టవలదంటిని. తన పనితనమునకు లోటని ఆయన నొచ్చుకొనిరి. తుదకు కొయ్యకు పట్టీ చుట్టి, ఎబొనైటును మాత్రమే రుద్దిరి. పల్లమున్న వైపున గోటికి తగులు చిన్న మెట్టొకటి మిగిలినది. నాకు సమ్మతమే.