‘చాలు’ అనని ఆట

ఆరోగ్య శీర్షికలో వీడియో గేముల ప్రసక్తి ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. జ్వరం, దగ్గుల తర్వాత ఆసుపత్రికి వచ్చే తల్లులు ఈ రోజుల్లో ఎక్కువగా చెప్పుకునే బాధ పిల్లల ఆటల గురించే.

అలా వచ్చిన తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు, నిద్ర చాలక కళ్లు ఎర్రబడి ఉన్నవాడు, నేను చెప్పినదంతా విని, “మీరెప్పుడైనా ఆడారా, డాక్టరుగారూ?” అని అడిగాడు. ఆడలేదు. యాభై ఆరేళ్ల వయస్సులో ఆడాలన్న కోరికా లేదు. అయితే గుణం తెలియని మందుకు మోతాదు చెప్పడం వైద్యుడికి తగదు. అందుకని అయిష్టంగానే మా అమ్మాయి చేత సెల్‌ఫోనులో టెట్రిస్ పెట్టించుకున్నాను.

ఈ ఆటను 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే కంప్యూటరు ఇంజనీరు తయారుచేశాడు. నాలుగేసి గడులున్న ఏడు రకాల ముక్కలు పైనుంచి ఒక్కొక్కటే దిగుతుంటాయి. వాటిని తిప్పి పేర్చి, ఖాళీ లేకుండా వరుస నింపితే ఆ వరుస మాయమవుతుంది. లేకపోతే గుట్టపడి ఆట ముగుస్తుంది. పోనుపోను వేగం పెరుగుతుంది.

మొదటిరోజు రెండు నిమిషాలు నిలవలేదు. ఎడమకు జరగమంటే ముక్క కుడికి పోయేది. “నాన్నా, మీరు దిగే ముక్కనే చూస్తున్నారు, కింద ఖాళీని చూడండి” అంది మా అమ్మాయి. నాలుగు రోజులకు వేళ్లు మాట విన్నాయి. వయసుతో చురుకు తగ్గుతుంది గాని, నేర్చుకునే శక్తి పోదు.

ఇక శరీరం సంగతి. అరగంట ఆడి నాడి చూసుకుంటే 74 నుంచి 92కు పెరిగింది. రెప్పవేయడం తగ్గి కళ్లు మండాయి. మెడ, బొటనవేలు నొప్పి పెట్టాయి. రాత్రి కళ్లు మూసుకున్నా ముక్కలు దిగుతూనే ఉన్నాయి. ఇది జబ్బు కాదు. అమెరికాలో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం 2000లో ప్రకటించిన పరిశోధనలో, టెట్రిస్ ఆడిన సంగతే గుర్తులేని మతిమరుపు రోగులలో కూడా కొందరికి నిద్రపట్టే వేళ ఆ ముక్కలు కనిపించాయి. నిద్రకు ముందు ఆడితే మెదడు ఇంకా ఆటలోనే ఉంటుందన్నమాట.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసిన విషయం వేరొకటి. కబడ్డీలో కాలం ముగిస్తే ఆట ముగుస్తుంది. నేనాడిన ఆట మాత్రం ఓడితేనే ముగిసేది. ఓడి లేవడానికి మనసు ఒప్పదు, “ఇంకొక్కసారి” అంటుంది. ఆట తనంతట తాను ‘చాలు’ అనదు. పెద్దవాణ్ణి, నాకే లేవడం కష్టమైతే పద్నాలుగేళ్ల పిల్లవాడి మాటేమిటి?

అందుచేత హద్దు ముందే పెట్టుకోవాలి. మధ్యలో ఫోను లాక్కుంటే పోట్లాటే మిగులుతుంది. “ఈ ఆట అయ్యాక ఆపాలి” అని మొదలుపెట్టకముందే ఒప్పందం చేసుకోండి. నిద్రకు గంట ముందు ఆట మానిపించి, ఫోను వేరే గదిలో ఉంచండి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడటం కళ్లకు మంచిది. డబ్బు పెట్టి ఆడే ఆటల జోలికి అసలు పోవద్దు.

ఆడిన ప్రతివాడూ రోగి కాడు. 2022 జనవరిలో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో ‘గేమింగ్ డిజార్డర్’ ఉంది. ఆట ఆపుకోలేకపోవడం, తక్కిన పనులన్నిటికంటె ఆటే ముఖ్యం కావడం, నష్టం కలుగుతున్నా మానకపోవడం దాని లక్షణాలు. ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉంటేనే ఆ పేరు పెడతారు. అంతవరకు ఆగమని కాదు. నిద్ర, చదువు, తిండి చెడుతుంటే వెంటనే మానసిక వైద్యునికి చూపించండి.

ఈలోగా తల్లిదండ్రులు ఒక సాయంత్రం పిల్లల పక్కన కూర్చుని ఆ ఆట నేర్పమని అడగండి. తమకు తెలిసిన విద్య మనకు నేర్పేటప్పుడు పిల్లలు ఎన్నో కబుర్లు చెబుతారు. హద్దుల మాట ఎత్తడానికి అదే మంచి సమయం.