డ్రైవర్ని చంపిందెవరు

హోవర్డ్ హాక్స్ తీసిన ‘ది బిగ్ స్లీప్’ డీవీడీ 2000లో వచ్చింది. ఆ డిస్కుకి బొమ్మ వేసిన వైపంటూ లేదు. రెండు వైపులా అద్దంలా మెరుస్తుంది. నడిమి చిల్లు చుట్టూ చీమ తలకాయంత అక్షరాలే ఆనవాలు. ఒక వైపు 1946లో థియేటర్లకు వచ్చిన సినిమా, 114 నిమిషాలు. తిరగేస్తే 1945 నాటికే సిద్ధమైన సినిమా, 116 నిమిషాలు. అదే కథ, అదే హంఫ్రీ బోగార్ట్, అదే వాన. అయినా చూడటం పూర్తయ్యేసరికి రెండూ ఒకటి కావని తెలిసిపోతుంది.

కథ 1939లో వచ్చిన రేమండ్ చాండ్లర్ నవలది. లాస్ ఏంజెలెస్‌లో ఫిలిప్ మార్లో (బోగార్ట్) ప్రైవేట్ డిటెక్టివ్. మంచాన పడబోతున్న ముసలి జనరల్ స్టెర్న్‌వుడ్ అతన్ని పిలిపించి, చిన్న కూతురు కార్మెన్ సంతకాలతో వచ్చిన ప్రామిసరీ నోట్ల సంగతి తేల్చమంటాడు. ఈ మాటలు జరిగేది ఆర్కిడ్లు పెంచే గాజు గదిలో. ఆ ఉక్కలో కూడా జనరల్ ఒళ్ళంతా కప్పుకుని కూర్చుంటాడు. ఎదురుగా మార్లో కోటు విప్పేసి, తడిసి ముద్దైన చొక్కాతో చెమట తుడుచుకుంటూ బ్రాందీ తాగుతాడు. తెర మీద రంగు లేకపోయినా ఆ గది వేడి చూసేవాడి మెడకు తగులుతుంది. అక్కడినుంచి పుస్తకాల దుకాణం చాటున నడిచే బ్లాక్‌మెయిలు, జూదశాల, ఒకదాని వెనక ఒకటిగా శవాలు.

చిక్కు ఎంతవరకూ పోయిందంటే, స్టెర్న్‌వుడ్ ఇంటి డ్రైవరు ఓవెన్ టేలర్ కారుతో సహా సముద్రంలో తేలాడు కదా, అతన్ని చంపిందెవరు, లేక తనే చచ్చిపోయాడా అన్న తగవు షూటింగులోనే వచ్చింది. నవలాకారుణ్ణే అడుగుదామని చాండ్లర్‌కి టెలిగ్రాం కొట్టారు. తనకీ తెలియదని ఆయన జవాబు. విలియం ఫాక్నర్, లీ బ్రాకెట్, జూల్స్ ఫర్త్‌మన్, ముగ్గురు రాసిన స్క్రీన్‌ప్లేలో కూడా ఆ ముడి విడిపోలేదు.

షూటింగ్ 1944 అక్టోబరులో మొదలై మరుసటి జనవరికి ముగిసింది. యుద్ధం అయిపోవస్తున్నది. యుద్ధం సినిమాలు పాతబడిపోకముందే వాటిని వదిలించుకోవాలని వార్నర్ బ్రదర్స్ ఈ డిటెక్టివ్ కథను పక్కన పెట్టింది. విదేశాల్లో ఉన్న అమెరికా సైనికులకు మాత్రం 1945లో చూపించారు. ఆ కాలం జాడలు సినిమాలో అలాగే ఉండిపోయాయి. మార్లో ఒకచోట టాక్సీ ఎక్కితే నడిపేది అమ్మాయి. మగవాళ్ళు యుద్ధంలో ఉన్నారని ఎవరూ నోరు విప్పి చెప్పరు.

ఈలోగా ఈ సినిమా నాయిక లారెన్ బకాల్ నటించిన ‘కాన్ఫిడెన్షియల్ ఏజెంట్’ 1945 నవంబరులో విడుదలై విమర్శకుల చేత చివాట్లు తిన్నది. ఆమె ఏజెంటు చార్లెస్ ఫెల్డ్‌మన్ కంగారుపడి జాక్ వార్నర్‌కి ఉత్తరం రాశాడు: ‘ది బిగ్ స్లీప్’లో బకాల్ దృశ్యాలు కొన్ని మళ్ళీ తీయకపోతే ఆ పిల్ల భవిష్యత్తు పోతుందని దాని సారాంశం. ముఖ్యంగా మార్లో ఆఫీసులో ఆమె ముఖానికి వల ముసుగు వేసుకున్న దృశ్యం ఆయనకు నచ్చలేదు. కళ్ళతోనే పేరు తెచ్చుకున్న నటి కళ్ళకు పరదా కట్టడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. 1946 జనవరిలో మళ్ళీ కెమెరా తిరిగింది. ముసుగు దృశ్యం ఎగిరిపోయింది. దాని బదులు ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని గుర్రప్పందేల గురించి మాట్లాడుకునే దృశ్యం వచ్చింది. గుర్రాల పేరు పెట్టుకుని ఆ ఆడా మగా ఏం మాట్లాడుకుంటున్నారో పెద్దలకు తెలుసు, సెన్సారు మాత్రం పట్టించుకోలేదు. అప్పటికి బోగార్ట్, బకాల్ పెళ్ళయి ఏడాది కూడా కాలేదు.

కొత్తవి చేరాలంటే పాతవి పోవాలి. మొదటి రూపంలో మార్లో అధికారుల ఎదుట కూర్చుని ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో పూసగుచ్చినట్టు చెప్పే ఘట్టం ఉంది. అది పోయింది. అంటే డిటెక్టివ్ సినిమాలోంచి డిటెక్టివ్ ఇచ్చే వివరణనే తీసేశారు! మోనా మార్స్ వేషం వేసిన ప్యాట్ క్లార్క్ స్థానంలో పెగ్గీ నుడ్సెన్ వచ్చింది. కార్మెన్‌గా మార్తా వికర్స్ ముందు బకాల్ తేలిపోయిందని, అందుకే మార్తా దృశ్యాలకు కత్తెర పడిందని చాండ్లర్ ఒక ఉత్తరంలో సణిగాడు.

1945 రూపానికి రాబర్ట్ గిట్ ఆధ్వర్యంలో యూసీఎల్ఏ ఫిల్మ్ ఆర్కైవ్ మరమ్మతు చేసింది. 1997లో థియేటర్లలో ఆడింది. ఆ తరవాతే డీవీడీ. అందులో గిట్ స్వయంగా రెండు రూపాల తేడాలు చూపించే చిన్న చిత్రం కూడా ఉంది. అయితే దాన్ని ముందే చూడటం, చివరి పేజీ చదివి డిటెక్టివ్ నవల మొదలుపెట్టడం లాంటిదే. ముందు 1946, మర్నాడు 1945, ఆ తరవాత గిట్: ఈ వరసలో చూస్తే కత్తెర ఎక్కడెక్కడ పడిందో పట్టుకునే పని ప్రేక్షకుడిదవుతుంది.

కేసు అర్థం కావాలంటే 1945 రూపమే నయం. మళ్ళీ మళ్ళీ చూడాలనిపించేది మాత్రం 1946 రూపమే. వివరణ ఘట్టంలో అన్నీ సరిగ్గానే ఉంటాయి, కానీ కుర్చీల్లో కూర్చున్న మనుషులు లెక్కలు అప్పజెబుతున్నట్టుంటుంది. గుర్రప్పందేల మాటలకు కథతో పొత్తు లేదు. అవి నడుస్తున్నంతసేపూ కథ ఎవరికీ గుర్తు రాదు.

వీడియో కేసెట్టులో ఇలాంటి సినిమాల నలుపు బూడిద రంగులోకి తిరిగేది, రాత్రి వీధి కాస్తా మురికి గోడలా కనిపించేది. డిస్కు మీద తడిసిన టోపీ అంచు, వెనకనున్న చీకటి వేరువేరుగా తెలుస్తాయి. వెడల్పు టీవీ మీద బొమ్మకు అటూ ఇటూ నల్లటి పట్టీలు రావడం లోపం కాదు. ఆ కాలపు తెర ఆకారమే అంత. పట్టీలు పోవాలని రిమోట్ నొక్కితే బోగార్ట్ ముఖం పూరీలా ఉబ్బుతుంది. 2015లో వార్నర్ ఆర్కైవ్ తెచ్చిన బ్లూ-రేలోనూ రెండు రూపాలు ఉన్నాయి.