నాబోతు తోట

బైబిలు నాకు పరిచయమైనది మతగ్రంథంగా కాదు, పాత తెలుగు వచనంపై మోజుతో. అందులో రాజుల మొదటి గ్రంథం, 21వ అధ్యాయం మాత్రం భద్రాచలం మన్యంలో పాఠాలు చెప్పుకున్న నన్ను నేటికీ విడువదు.

యెజ్రెయేలులో రాజభవనం పక్కన నాబోతుకొక ద్రాక్షతోట. కూరమొక్కలు పెంచుటకు దానిపై అహాబు రాజు మనసు పడ్డాడు. రాజుకు మనం అన్యాయం చేయరాదు. ఇంతకంటె మంచి తోట, కాదంటే రొక్కం ఇస్తానన్నాడు. నేటి పరిభాషలో నష్టపరిహారమే! నాబోతు పితరుల స్వాస్థ్యాన్ని ఇవ్వనన్నాడు. రాణి యెజెబెలు రాజముద్ర వేసిన లేఖలు పంపి, దొంగసాక్ష్యంతో అతణ్ణి రాళ్ళతో కొట్టించింది. (రాజముద్ర మహిమ అప్పుడూ ఇంతే.)

ప్రవక్త ఏలీయా రాజును నిలదీసినది సభలో కాదు, ఆ తోటలోనే.

ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పాలు కారాదని 1970 నాటి 1/70 చట్టం శాసించింది. 2014లో పోలవరం ప్రాజెక్టు నిమిత్తం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. శబరి గోదావరిని చేరే కూనవరం వాటిలోదే. ఆనకట్ట కూరతోట కాదు, పొలాలకు నీరిస్తుందంటారు, నిజమే. కాని కోయల ముంపు భూముల గురించి నేను విన్న చర్చలన్నీ ఎకరానికెంత అన్నదగ్గరే ఆగాయి. ఏలీయా ధర ఊసే ఎత్తలేదు.

అతని మాటకు జడిసి అహాబు గోనెపట్ట కట్టి ఉపవాసమున్నాడు. తోటను తిరిగి ఇచ్చినట్లు మాత్రం ఆ గ్రంథంలో ఎక్కడా లేదు.