అత్తమ్మ చూసిన సముద్రం

డెబ్బై ఏళ్ళు దాటినా మా అత్తమ్మ సముద్రం చూడలేదు. పోయిన దసరా సెలవుల్లో పిల్లలతో పాటు ఆమెనూ వైజాగ్ తీసుకుపోయాం. అనంతపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కినప్పటి నుంచి, "ఒంటిమిట్ట చెరువంత ఉంటాదా?" అని అడుగుతూనే ఉంది.

ఎదురుగా రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉండడం వల్లే ఆ తీరానికి రామకృష్ణా బీచ్ అని పేరు. ఆశ్రమం 1938 నాటిది. మేం పోయేసరికి ఎండ తగ్గింది. కుడివైపు దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. అత్తమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అల దాకా పోయింది, వంగి ఇంత నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక్క గుక్క తాగేకి పనికి రావా!"

నాకు నవ్వు రాలేదు. మా పెళ్ళైన కొత్తలో బోరు ఎండిపోయి ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టేవాళ్ళం. స్నానానికి రెండు చెంబులు ఎక్కువ పోసుకున్నానని ఆమె నన్ను వీధిలో వినపడేలా తిట్టింది. ఆ మాట నేను చాన్నాళ్ళు మర్చిపోలేదు.

మర్నాడు కుర్సురా చూశాం. రష్యాలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన జలాంతర్గామి. 1971 యుద్ధకాలంలో గస్తీ తిరిగింది, 2001లో విరమించింది, 2002లో ఇసుక మీదికి చేర్చి మ్యూజియం చేశారు. లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాల్సిందే. అందులో పనిచేసేవాళ్ళకు మంచినీళ్ళు కొలిచి ఇచ్చేవాళ్ళని, స్నానాలు దాదాపు ఉండేవి కావని మా ఆయన చెప్పారు. అత్తమ్మ ఆ ఇరుకు మంచాల దగ్గర ఆగిపోయింది. "పాపం, వీళ్ళకూ కరువేనా" అంది. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం మా వాడికి బాగా నచ్చింది, ఆమె మాత్రం దాని వైపు చూడలేదు.

ఇంకో సంగతి. హార్బరు గోడలు అడ్డుపడి, దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక ఈ తీరానికి సరిగా చేరదట. అలలు ఉన్నదాన్ని కోసుకుపోతుంటాయి. అందుకని పోర్టువాళ్ళు పూడిక తీసిన ఇసుకను ఇక్కడికి పంపింగ్ చేస్తుంటారు. మన పెన్నలో ఇసుకే తప్ప నీళ్ళు కనపడవు, ఇక్కడ నీళ్ళున్నచోటికి ఇసుక తోలాలి!

కాళీమాత గుడికి పోయి, ముంత మసాలా తిని (మన బొరుగుల మాదిరే, కారం తక్కువ) రూముకొచ్చాం. ఒళ్ళంతా ఉప్పు. నీళ్ళు ఇరవై నాలుగు గంటలూ వస్తాయని చెప్పి అత్తమ్మను ముందు స్నానానికి పంపాను.

తర్వాత నేను పోయి చూస్తే బకెట్లో సగం నీళ్ళున్నాయి. పైన చెంబు బోర్లించి ఉంది.

"నీకే పెట్టినామ్మే" అంది బయటినుంచి.